ప్రదర్శన బృందాలు – పరదేశపు అనుమతులు

కళకు ఎల్లలు లేవన్న మాట సన్మానసభల్లో తరచు వినిపిస్తుంది. ఆ మాట అనేవారు సాధారణంగా వేదిక మీద కూర్చున్నవారే. వేదిక వెనక తెర కట్టేవాడినో, వంత పాడేవాడినో, మద్దెల మోసుకొచ్చేవాడినో అడిగితే వేరే జవాబు వస్తుంది. ఒక బృందం తన దేశం దాటి మరో దేశంలో డబ్బు తీసుకొని ఆడాలన్నా, పాడాలన్నా, అక్కడ పని చేయడానికి ఆ దేశ ప్రభుత్వం అనుమతించాలి. ఒకచోట దాని పేరు వర్క్ పర్మిట్. మరోచోట వీసా. పేరు ఏదైనా, ఎవరు కళాకారుడు, ఎవరు కాదు అన్న నిర్ణయం ఆ కాగితం దగ్గర ఒక అధికారి చేతిలోకి పోతుంది.

ఈ కాగితానికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. రాజ్యం కళాకారుణ్ణి ఆపదలచుకున్నప్పుడు శ్రామికుడిగా గుర్తిస్తుంది. వాడుకోదలచుకున్నప్పుడు కళాకారుడిగా గుర్తిస్తుంది. శ్రామికుడిగా అతనికి దక్కవలసిన రక్షణను మాత్రం ఈ రెండు సందర్భాల్లోనూ ఎగవేస్తుంది. ఈ సంగతిని మన సాహిత్య సాంస్కృతికోద్యమం ఇంతవరకు తగినంతగా పట్టించుకోలేదు.

అనుమతులు లేని కాలం

వీసాలు లేని కాలంలో కళాకారుడు స్వేచ్ఛగా తిరిగాడని అనుకుంటే పొరపాటు. 1885–86 శీతాకాలంలో లండన్‌లోని బాటర్‌సీ పార్కులో లిబర్టీ అనే వ్యాపార సంస్థ ఒక ‘భారతీయ గ్రామాన్ని’ ప్రదర్శనకు పెట్టింది. ఆ గ్రామంలో పెట్టడానికి మన దేశం నుంచి నలభై మందికి పైగా మనుషులను ఓడలో తీసుకుపోయింది. వారిలో నేతగాళ్ళు, కుమ్మరులు ఉన్నారు. నాట్యగత్తెలు, వాద్యగాళ్ళు, పాములాడించేవాళ్ళు, గారడీవాళ్ళు కూడా ఉన్నారు. టిక్కెట్టు కొన్న ఇంగ్లీషు ప్రేక్షకులకు వాళ్ళ పని, వాళ్ళ ఆట, వాళ్ళ బతుకు అన్నీ ఒకే ప్రదర్శన. లండన్ చలికి వాళ్ళు తట్టుకోలేకపోయారు. ఒప్పందం ప్రకారం తమకు రావలసింది రాలేదని ఫిర్యాదు చేశారు. వ్యవహారం న్యాయస్థానం దాకా పోయింది. సరిహద్దు దగ్గర వాళ్ళను ఆపినవాళ్ళెవరూ లేరు. అవతలి ఒడ్డున ఆదుకున్నవాళ్ళు కూడా లేరు.

ఇటువంటి సంఘటనల అనుభవం మన చట్టాల్లోకి కూడా వచ్చింది. 1922 నాటి భారత వలస చట్టం ‘నైపుణ్యం గల పని’ అంటే ఏమిటో నిర్వచిస్తూ, చేతివృత్తులు, గుమాస్తాగిరీ, ఇంటిపనితోపాటు ఏదైనా ఎగ్జిబిషన్ కోసం గాని వినోదం కోసం గాని చేసే పనిని కూడా అందులో చేర్చింది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 1983 వలస చట్టం ‘పని’ని నిర్వచించినప్పుడు కూడా సినిమా, ఎగ్జిబిషన్, వినోద ప్రదర్శనలకు సంబంధించిన పనిని డ్రైవర్లు, ఇంటిపనివాళ్ళు, హోటలు నౌకర్ల సరసనే నిలబెట్టింది. ఇది గమనించదగ్గ విషయం. మన పత్రికల్లో కళాకారుడు సరస్వతీ పుత్రుడు. మన చట్టంలో మాత్రం అతను వలస కూలీ. ఈ రెంటిలో చట్టమే వాస్తవానికి దగ్గరగా ఉంది. కాని అది వలస కూలీకి ఎంత రక్షణ ఇచ్చిందో కళాకారుడికీ అంతే ఇచ్చింది. గల్ఫ్‌కు పోయిన మన పల్లెల మనుషులను అడిగితే అది ఎంతో తెలుస్తుంది.

బ్రిటన్‌లో ఇరవై ఏళ్ళ నిషేధం

పని అనుమతి అన్న ఆయుధాన్ని సంగీత బృందాల మీద బాహాటంగా ప్రయోగించిన దేశం బ్రిటన్. 1920 నాటి విదేశీయుల ఉత్తర్వు ప్రకారం విదేశీయుడెవరైనా బ్రిటన్‌లో ఉద్యోగం చేయాలంటే, అతన్ని పిలిపించుకునే యజమాని ముందుగా కార్మిక మంత్రిత్వ శాఖ నుంచి పర్మిట్ తెచ్చుకోవాలి. 1932లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, 1933లో డ్యూక్ ఎల్లింగ్టన్ వాద్యబృందం ఇలాంటి పర్మిట్లతోనే లండన్‌లో వాయించారు. నల్లజాతి సంగీతాన్ని అక్కడి యువకులు రికార్డుల్లో కాక ఎదురుగా విన్నారు.

1935 నుంచి ఆ తలుపు మూసుకుపోయింది. అమెరికన్ బృందాలకు పర్మిట్లు ఇవ్వడం కార్మిక మంత్రిత్వ శాఖ ఆపేసింది. అమెరికాలోని సంగీతకారుల సమాఖ్య బ్రిటిష్ బృందాలను తమ దేశంలో వాయించనివ్వడం లేదు కాబట్టి, బ్రిటిష్ సంగీతకారుల యూనియన్ కూడా అదే పట్టుదల పట్టింది. నిషేధం కోరింది ఏ పెట్టుబడిదారుడో కాదు. కార్మిక సంఘమే కోరింది. అభ్యుదయవాదులకు ఇది ఇబ్బంది కలిగించే విషయం. అందుకే దీన్ని తప్పించుకోకుండా చూడాలి.

ఆ యూనియన్ ఎందుకు అలా చేసింది? మూకీ సినిమాల కాలంలో ప్రతి సినిమా హాల్లోనూ తెర ముందు వాద్యగాళ్ళుండేవారు. యూనియన్ సభ్యుల్లో అత్యధికులకు అదే జీవనాధారం. 1927 తరువాత టాకీలు వచ్చాయి. రెండు మూడేళ్ళలో అట్లాంటిక్‌కు రెండు వైపులా వేలాదిమంది సంగీతకారులు వీధిన పడ్డారు. దాని వెంటే ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది. వాళ్ళ కూడు తీసింది టాకీ యంత్రం మీదా, రికార్డు మీదా లాభాలు పోగేసుకున్న యజమానులు. యంత్రం యజమాని దొరకలేదు. ఓడ దిగే తోటి వాద్యగాడు దొరికాడు. కోపం అతని మీదికి మళ్ళింది. నిరుద్యోగం శ్రామికుణ్ణి శ్రామికుడికి పోటీగా నిలబెడుతుందన్న సూత్రానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఈ నిషేధంలో ఒక వింత కూడా ఉంది. ‘వెరైటీ’ కార్యక్రమాల్లో వచ్చే ఒంటరి కళాకారులకు అనుమతి దొరికేది. 1938లో ఫాట్స్ వాలర్ అలాగే వచ్చాడు. అంటే పేరున్న వ్యక్తికి సందు ఉంది, బృందానికి లేదు. ఇకముందు చెప్పబోయే చట్టాలన్నిటిలోనూ ఈ తేడా మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

1949 నవంబరులో సిడ్నీ బెషే లండన్‌లోని ఒక నాటకశాలలో హంఫ్రీ లిటిల్టన్ బృందంతో కలిసి వాయించాడు. పర్మిట్ లేదు. అతిథిగా ప్రేక్షకుల్లో కూర్చున్నవాడు వేదిక ఎక్కినట్టు చూపారు. ఆ తరువాత కొద్ది రోజులకే కోల్మన్ హాకిన్స్ కూడా లండన్‌లో వాయించాడు. రెండు సందర్భాల్లోనూ నిర్వాహకుల మీద కేసులు పెట్టి జరిమానాలు వేశారు. వింటే నేరం కాదు, వాయిస్తే నేరం కాదు, వాయించినందుకు పని చేసినట్టు లెక్క కాబట్టి నేరం!

చివరికి దారి చూపింది కూడా ఆ యూనియన్లే. 1956లో రెండు సంఘాలు మార్పిడి పద్ధతికి ఒప్పుకున్నాయి. ఇటు నుంచి ఒక బృందం వెళితే అటు నుంచి ఒక బృందం వస్తుంది. స్టాన్ కెంటన్ బృందం బ్రిటన్ వచ్చింది, టెడ్ హీత్ బృందం అమెరికా వెళ్ళింది. అదే ఏడాది మే నెలలో ఆర్మ్‌స్ట్రాంగ్ తన బృందంతో మళ్ళీ లండన్ వేదిక ఎక్కాడు. లోపాలున్నా ఆ పద్ధతిలో ఒక న్యాయం ఉంది. ఎవరి పొట్టా కొట్టకుండా ఒకరి పాట ఒకరు వినే మార్గం అది.

ఆ మార్పిడి పర్యటనలో జరిగిన ఒక సంఘటనను మరచిపోరాదు. టెడ్ హీత్ బృందం అమెరికాలో నాట్ కింగ్ కోల్‌తో కలిసి తిరిగింది. 1956 ఏప్రిల్ 10న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో కోల్ పాడుతూండగా తెల్ల దురహంకారులు వేదిక ఎక్కి అతన్ని కొట్టారు. కోల్ పుట్టింది ఆ రాష్ట్రంలోనే. ఇంగ్లండు నుంచి వచ్చిన తెల్ల వాద్యగాళ్ళ దగ్గర అనుమతి పత్రాలున్నాయి, వాళ్ళకే ఇబ్బందీ లేదు. పుట్టిన గడ్డ మీద పాడుతున్న నల్లవాడికి ఏ పత్రమూ రక్షణ కాలేదు. సరిహద్దులన్నీ దేశాల మధ్యనే ఉండవు.

గొంతు దాటితే చాలు

ఉపాధి భయం ఒక పక్క ఉండగా, 1950ల్లో దానికి రాజకీయ భయం తోడయింది. 1950లో అమెరికా ప్రభుత్వం పాల్ రాబ్సన్ పాస్‌పోర్టును రద్దు చేసింది. నల్లజాతి హక్కుల గురించీ, శాంతి గురించీ, సోవియట్ యూనియన్ గురించీ ఆయన విదేశాల్లో మాట్లాడడమే ఆయన చేసిన నేరం. కెనడా వెళ్ళడానికి అమెరికన్‌కు పాస్‌పోర్టు అక్కర్లేని రోజులవి. అయినా 1952 జనవరిలో వాంకూవర్‌లో గని కార్మికుల సంఘ మహాసభకు బయలుదేరిన రాబ్సన్‌ను సరిహద్దు దగ్గర నిలిపేశారు. ఆయన టెలిఫోన్‌లో పాడితే ఆ సభ విన్నది. ఆ సంఘమే మే 18న సరిహద్దు మీద ఉన్న శాంతి తోరణం వద్ద సభ పెట్టింది. రాబ్సన్ అమెరికా వైపున ఒక లారీ మీద నిలబడి పాడాడు. రెండు దేశాల శ్రామికులు రెండు వైపులా నిలబడి విన్నారు. 1957లో అట్లాంటిక్ అడుగున వేసిన టెలిఫోన్ తీగ గుండా లండన్ సభకూ, ఆ తరువాత వేల్స్ గని కార్మికుల ఉత్సవానికీ ఆయన పాట చేరింది. మనిషికి అనుమతి లేకపోతే గొంతు దాటింది.

1958 ఏప్రిల్‌లో ఆయన 60వ జన్మదినాన్ని మన దేశంలో జరిపారు. నెహ్రూ దానికి మద్దతు తెలిపాడు. అది అమెరికా ప్రభుత్వానికి నచ్చలేదు. అదే ఏడాది జూన్‌లో చిత్రకారుడు రాక్‌వెల్ కెంట్ కేసులో, విశ్వాసాల కారణంగా పాస్‌పోర్టు నిరాకరించే అధికారం విదేశాంగ మంత్రికి లేదని అమెరికా సుప్రీంకోర్టు ఒక్క ఓటు ఆధిక్యతతో తీర్పు చెప్పింది. రాబ్సన్‌కు పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. ఎనిమిదేళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

ఇదే కాలంలో, అంటే 1956లో, అదే ప్రభుత్వం డిజ్జీ గిలెస్పీ జాజ్ బృందాన్ని ప్రభుత్వ ఖర్చుతో విదేశాలకు పంపింది. తమ దేశంలో నల్లవాళ్ళు సుఖంగా ఉన్నారని ప్రపంచానికి చూపించడం దాని ఉద్దేశం. ఒక నల్ల కళాకారుడి కాళ్ళకు సంకెల, మరొక నల్ల కళాకారుడికి విమానం టిక్కెట్టు. ఇందులో వైరుధ్యం లేదు. రెండూ ఒకే విధానంలోని రెండు భాగాలు.

బయటి నుంచి వచ్చేవాళ్ళ సంగతి 1952 నాటి మెకారన్–వాల్టర్ చట్టం చూసుకుంది. అధ్యక్షుడు ట్రూమన్ తిరస్కరించినా కాంగ్రెసు దాన్ని నెగ్గించుకుంది. కమ్యూనిస్టులను, కమ్యూనిస్టులుగా అనుమానించినవారిని దేశంలోకి రానివ్వకుండా చేసే అధికారం అందులో ఉంది. ‘విశిష్ట ప్రతిభ, సామర్థ్యం’ గల విదేశీయులకు తాత్కాలికంగా పని చేసే హెచ్–1 వీసా కూడా ఆ చట్టంలోనే పుట్టింది. ప్రతిభను కొలిచే కొలబద్దా, భావాలను వడగట్టే జల్లెడా ఒకే చట్టం కడుపున పుట్టిన కవలలు. ఇటలీ నాటకకర్త డారియో ఫో, ఆయన సహచరి ఫ్రాంకా రామే రాజకీయ ఖైదీలకు సహాయం చేసే సంస్థలో పనిచేశారు. అమెరికా వాళ్ళకు 1980లో ఒకసారి, 1983లో మరొకసారి వీసా నిరాకరించింది. 1984లో ఫో నాటకం బ్రాడ్వేలో ఆడుతున్నప్పుడు గాని వాళ్ళను రానివ్వలేదు. నాటకానికి లేని అడ్డంకి నాటకకర్తకు ఉన్నది. డబ్బు తెచ్చేది నాటకం కదా.

1990 చట్టం: అక్షరాల వర్ణ వ్యవస్థ

ప్రచ్ఛన్న యుద్ధం ముగిసే వేళ వచ్చిన 1990 నాటి అమెరికా వలస చట్టం భావాల జల్లెడను చాలావరకు సడలించి, కళాకారులకు కొత్త వర్గీకరణ చేసింది. అసాధారణ ప్రతిభ గల వ్యక్తికి ‘ఓ’ వీసా. బృందాలకు ‘పి’ వీసా. అందులో మళ్ళీ మూడు తరగతులు. అంతర్జాతీయ ఖ్యాతి గల బృందానికి పి–1. పరస్పర మార్పిడి కింద వచ్చేవారికి పి–2. 1956లో యూనియన్లు కనిపెట్టిన పద్ధతికి ఈ పి–2 వారసురాలు. ‘సాంస్కృతికంగా విశిష్టమైన’ కళలకు పి–3. అన్నిటికీ అక్కడి పిలిచేవారే ముందుగా దరఖాస్తు పెట్టాలి. సంబంధిత కార్మిక సంఘం అభిప్రాయం జత చేయాలి.

ఈ వర్గీకరణను జాగ్రత్తగా చూడాలి. ‘ఓ’ వీసా మీద వచ్చే ప్రముఖుడు తిరిగి తన దేశం వెళ్ళిపోతానని రుజువు చేయనక్కర్లేదు. ‘పి’ వీసా మీద వచ్చే బృంద సభ్యుడు మాత్రం స్వదేశంలో తనకు వదులుకోలేని నివాసం ఉందని చూపాలి. పేరున్నవాడిని నమ్ముతారు. వంతగాణ్ణి అనుమానిస్తారు. కౌలు భూమి మీద బతుకుతూ, జాతర రోజుల్లో డోలు వాయించేవాడు కాన్సులేటు కిటికీ ముందు ఏ ఆస్తి కాగితం చూపగలడు?

పి–1 బృందంలో కనీసం 75 శాతం సభ్యులు ఏడాదికి తక్కువ కాకుండా ఆ బృందంతో ఉన్నవారై ఉండాలి. నెలజీతాలిచ్చే పాశ్చాత్య వాద్యబృందానికి ఇది కష్టం కాదు. నాట్ల కాలంలో కూలికి పోయి, కోతలయ్యాక కలుసుకునే మన జానపద బృందాలకు ఈ లెక్క ఎలా కుదురుతుంది? ఒక దరఖాస్తులో 25 మందికి మించి పేర్లు ఉండకూడదన్న నిబంధన, రుసుము పెంపు 2024 ఏప్రిల్‌లో కలిసి వచ్చాయి. అంతకుముందు 460 డాలర్లున్న దరఖాస్తు రుసుము ‘పి’ తరగతికి 1,015 డాలర్లయింది. చిన్న సంస్థలకు, లాభాపేక్ష లేనివాటికి 510. ఇరవై ఆరో మనిషి ఉంటే రెండో దరఖాస్తు పెట్టాలి. నాటకంలో ఇరవై ఆరో మనిషి ఎప్పుడూ తెర లాగేవాడే అవుతాడు.

డబ్బున్న దేశాల బృందాలకే ఇది భారమయింది. 2006లో ఇంగ్లండులోని హాలే ఆర్కెస్ట్రా అమెరికా పర్యటననే మానుకొంది. దాదాపు నూరుమంది మాంచెస్టర్ నుంచి లండన్ వెళ్ళి వేలిముద్రలు, ఇంటర్వ్యూలు ఇవ్వడానికి 45,000 పౌండ్లు ఖర్చవుతుందని తేలింది. భావాల జల్లెడ కూడా పూర్తిగా పోలేదు. 2004లో క్యూబా గాయకుడు ఇబ్రహీం ఫెరేర్‌ను గ్రామీ సభకు రానివ్వలేదు. 76 ఏళ్ళ ఆ వృద్ధుడి రాక అమెరికా ప్రయోజనాలకు హానికరమట! ఆ ఏడాది ఆయన ఆల్బంకే బహుమతి వచ్చింది.

పి–3 సంగతి ఇంకా ఆలోచించదగ్గది. ‘సాంస్కృతికంగా విశిష్టం’ అంటే ఏమిటి? అర్జెంటీనాకు చెందిన ఓర్కెస్టా కెఫ్ అనే బృందం తూర్పు యూరప్ యూదుల సంగీతాన్ని లాటిన్ అమెరికా సంగీతంతో మేళవించి వాయిస్తుంది. రెండు సంస్కృతులు కలిశాయి కాబట్టి ఇది ఏ ఒక్క సంస్కృతికీ చెందదని అధికారులు దరఖాస్తు తోసిపుచ్చారు. 2012లో అప్పీలు కార్యాలయం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. కలయిక వల్ల పుట్టిన కళ కూడా విశిష్టమే కావచ్చునన్నది. ఆ మాట వచ్చేసరికి అనుకున్న ప్రదర్శనల తేదీలు ఎప్పుడో గడిచిపోయాయి.

ఇది మనకు దూరపు కథ కాదు. 1970ల నుంచి అమెరికాలోని తెలుగు సంఘాల సభలకు ఇక్కడి కళాకారులు వెళుతూనే ఉన్నారు. మన బుర్రకథనే తీసుకుందాం. జంగం కథ నుంచి దాన్ని మలచి, కొత్త వస్తువు, కొత్త వేగం ఇచ్చి ప్రజల ముందుకు తెచ్చింది 1940ల్లో ప్రజానాట్యమండలి, అందులో ముఖ్యంగా షేక్ నాజర్. అది ప్రాచీనమా, ఆధునికమా? శైవమా, పోరాటమా? శైవ జంగాల కళను ఒక ముస్లిం కళాకారుడు శిఖరానికి తీసుకుపోతే అది ఏ సంస్కృతి? సజీవమైన కళ ఎప్పుడూ కలగలుపే. కల్తీ లేని కళ మ్యూజియంలో మాత్రమే దొరుకుతుంది. ‘అసలైన’ జానపదాన్ని మాత్రమే రానిస్తామనే చట్టం కళాకారుణ్ణి బాటర్‌సీ పార్కు గ్రామంలోకి మళ్ళీ తోస్తుంది. కిరీటం పెట్టుకో, గజ్జె కట్టుకో, ఈ కాలం మాట మాట్లాడకు అంటుంది.

కళాకారిణి అన్న ముసుగు

ఇంతవరకు శ్రామికుడన్న పేరుతో కళాకారుణ్ణి ఆపిన సందర్భాలు చూశాం. దీనికి తలకిందులు కథ జపాన్‌లో జరిగింది. సాధారణ కూలీలకు తలుపులు మూసిన ఆ దేశం ‘వినోద కళాకారుల’ వీసా మాత్రం ధారాళంగా ఇచ్చింది. 2004లో ఒక్క ఫిలిప్పీన్స్ నుంచే 80,000 మందికి పైగా ఆ వీసా మీద వచ్చారు. అత్యధికులు స్త్రీలు. గాయనులుగా, నర్తకులుగా పత్రాలున్నవాళ్ళలో చాలామంది బార్లలో మగవాళ్ళ సరసన కూర్చొని మద్యం పోసే పనికి చేరారు. పత్రం ప్రకారం కళాకారిణి కాబట్టి కార్మిక హక్కులు లేవు. పని ప్రకారం నౌకరు కాబట్టి కళాకారిణి గౌరవం లేదు. మనుషుల అక్రమ రవాణాపై విమర్శలు వచ్చాక 2005లో జపాన్ నిబంధనలు బిగించింది. రాకలు తగ్గాయి. కాని ఆ స్త్రీలను ఊళ్ళు విడిపించిన పేదరికానికి జవాబు దొరకలేదు. తలుపు మూయడమే పరిష్కారమని ప్రభుత్వాలు మళ్ళీ అనుకున్నాయి.

మన గడప సంగతి

పరాయి ప్రభుత్వాలను విమర్శించి ఊరుకుంటే ఆత్మవంచన అవుతుంది. ఆంగ్లేయులు తెచ్చిన 1876 నాటక ప్రదర్శనల చట్టం 2018లో రద్దయ్యేదాకా మన పుస్తకాల్లో నిలిచే ఉంది. ‘మాభూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నాటక దళాలకు పొరుగు జిల్లాకు వెళ్ళడమే విదేశ పర్యటన అయింది.

2013 జనవరిలో లాహోరుకు చెందిన అజోకా బృందం మంటో మీద నాటకంతో మన దేశానికి వచ్చింది. వీసాలున్నాయి, ఆహ్వానం ఉంది. సరిహద్దులో సైనికుల మరణాల తరువాత ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల ఉత్సవంలో ఆ ప్రదర్శన రద్దయింది. దేశ విభజన పిచ్చిని జీవితమంతా ఎదిరించిన రచయిత మీద నాటకాన్ని ఆ పిచ్చే మళ్ళీ ఆపింది. ఢిల్లీలోని అక్షర థియేటర్ తన తలుపు తెరిచింది. నాటకం ఆడింది. 2015లో గులాం అలీ ముంబయి కచేరీ శివసేన బెదిరింపుతో ఆగిపోయింది. అంటే వీసా ఇచ్చిన రాజ్యం ఉన్నా, వీధిలో మరో వీసా కావలసి వచ్చింది.

ఏం కోరాలి?

సరిహద్దులు లేని ప్రపంచం మన ఆశయం. కాని అది వచ్చేదాకా నియమాలే వద్దంటే బాటర్‌సీ, టోక్యో బార్లు మిగులుతాయి. నియమాలన్నీ యజమానుల చేతుల్లోనూ, అధికారుల చేతుల్లోనూ వదిలేస్తే కాన్సులేటు కిటికీ మిగులుతుంది. కాబట్టి మన డిమాండు నియమాలు ఉండాలా వద్దా అన్నది కాదు. ఎవరి పక్షాన ఉండాలి అన్నది.

బృందాన్ని బృందంగా గుర్తించాలి. ముందువరసలోని ఒకరి పేరు చూసి వెనకవరసను వదిలిపెట్టరాదు. పిలిచినవాడు తిరుగు ప్రయాణానికి, జబ్బుకు, జీతానికి బాధ్యత వహించాలి. ఒప్పందం కళాకారుడు చదవగల భాషలో ఉండాలి. కళ విలువను తేల్చే పని అధికారిది కాదు. విశ్వాసాలను ప్రశ్నించే పని అసలు ఎవరిదీ కాదు. ఇక్కడి కళాకారుల సంఘాలూ అక్కడి కళాకారుల సంఘాలూ నేరుగా మాట్లాడుకుని మార్పిడి ఒప్పందాలు చేసుకోవాలి. 1956లో రెండు యూనియన్లు అరకొరగానైనా చేసి చూపించింది అదే.

అందుకు ముందు ఒక పని ఉంది. మన జానపద, వీధినాటక బృందాల్లో చాలావాటికి సంఘమే లేదు. డప్పు కొట్టేవాడు తనను తాను శ్రామికుడనుకోడు, అతన్ని పిలిచేవాళ్ళూ అలా అనుకోరు. శాలువాతో సరిపెడతారు. విదేశం సంగతి తరువాత. పొరుగూరి సభకు పిలిచినప్పుడు అతని కూలి, దారి ఖర్చు, పడుకునే చోటు ముందుగా మాట్లాడే అలవాటు మన సంఘాల నుంచే మొదలుకావాలి.